బోసన్ అని రాయి తల్లీ

తల్లీ,

నీ కథ అందింది. తుఫాను ఘట్టం బాగుంది. కానీ పదకొండో పేజీలో ఆగిపోయాను. హోరుగాలిలో కెప్టెన్ "బోట్‌స్వెయిన్! తాళ్ళు బిగించు!" అని అరిచాడు. ఏ ఓడ మీదా ఎవరూ అలా అరవరు. ఆ మాట బోసన్, అంటే డెక్ మీది కళాసీల పెద్ద.

అచ్చులో అది బోట్, స్వెయిన్ అతికిన మాటే. స్వెయిన్ అంటే పాత నార్స్ భాషలో కుర్రాడు, సేవకుడు. వరుస చివర విరవాల్సి వస్తే బోట్ దగ్గరే విరుస్తారు. నోరు మాత్రం అక్కడ విరవదు. బో, సన్. రెండే ముక్కలు. ఊతమంతా మొదటి ముక్క మీద పడి రెండోది నలిగిపోయింది. టకారం, వకారం రాలిపోయాయి. పడవ నడిపే కాక్‌స్వెయిన్ కాక్సన్ అయిందీ, పడవ అంచు గన్‌వేల్ గనల్ అయిందీ అలాగే. మన పేపర్లు గ్రీన్‌విచ్ అని రాసే ఊరు అక్కడివాళ్ళకి గ్రెనిచ్. మనింట్లో కప్‌బోర్డు వాళ్ళ నోట కబర్డ్.

ఇంగ్లీషు పాఠకుడు స్పెల్లింగ్ ఎలా ఉన్నా పలుకు ఎరిగి చదువుకుంటాడు. మనం రాసిందే పలుకుతాం. టకారం పొల్లు చేసి, సకారం కింద వత్తు వేలాడేసి ఆ కెప్టెన్ని అరవమంటే ఎలా? నువ్వే ఒకసారి గట్టిగా అరిచి చూడు. ఇంగ్లీషు మాటని తెలుగులో రాసేటప్పుడు కంటిని నమ్మకు, చెవినే నమ్ము.

మా మేనమామ విశాఖ నుంచి సరుకు ఓడల మీద వెళ్ళేవాడు. ఆయన నోట విని నా మొదటి ఓడ కథలో బోసన్ అని రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు అన్నిచోట్లా దిద్ది బోట్‌స్వెయిన్ చేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. సంచిక చదివి మామయ్య "ఇది నీకెవరు చెప్పార్రా?" అన్నాడు. నలభై ఏళ్ళయింది, ఇప్పటికీ మండుతుంది.

ఇంకొకటి. కథ 1938లో జరుగుతోంది. డెక్ మీద ఉన్నది తెల్లవాళ్ళా, లాస్కర్లా, అంటే ఇంగ్లీషు ఓడల మీద పనిచేసే మన కళాసీలా? నువ్వు చెప్పలేదు. మనవాళ్ళయితే బోసన్ పని చేసేది సరంగు. గోదావరి లాంచీల మీద మనం వినే మాటే, పారసీ నుంచి వచ్చింది. అప్పుడు కెప్టెన్ కూడా "సరంగ్!" అనే అరుస్తాడు. అది తేల్చుకుని ఆ పేజీ మళ్ళీ రాసి పంపు.