స్టెరాయిడ్ మాత్రలు మానేయవచ్చా?

ప్రశ్న: నాన్నగారికి షుగర్ ఉంది. ఆర్గనైజింగ్ న్యుమోనియా (ఊపిరితిత్తుల్లో వచ్చే ఒక రకం వాపు జబ్బు) అని రోజుకు 40 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. నెలకే దగ్గు, ఆయాసం పోయాయి. మానేయవచ్చా?
- ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: వద్దమ్మా, ఒక్కసారిగా ఆపొద్దు. మూడు వారాలు దాటి వాడితే కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను (ఒంటికి తప్పనిసరైన సహజ స్టెరాయిడ్ హార్మోన్) సొంతంగా తయారుచేయడం తగ్గించేస్తాయి. హఠాత్తుగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం... ప్రాణం మీదకు రావచ్చు. పైగా ఈ జబ్బు ఎక్కువగా తిరగబెట్టేది డోసు తగ్గించేటప్పుడే. అందుకే డాక్టరు నెలల తరబడి మెల్లగా తగ్గిస్తారు.

మాత్ర ఉదయం టిఫిన్ తిన్నాక వేయండి. చాలామంది పొరబడేది షుగర్ దగ్గర. పరగడుపు రీడింగ్ బాగుందని ధీమాగా ఉంటారు. ఉదయం వేసిన మాత్ర షుగర్‌ను పెంచేది మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు, మళ్లీ రాత్రి భోజనానికి ముందు చూడండి. జ్వరమొచ్చినా, ఆయాసం తిరిగొచ్చినా ఆ రోజే చూపించండి.