పాఠకుల ప్రశ్నలు: రక్తం తక్కువ, మింగితే నొప్పి

ప్రశ్న: నాకు 32 ఏళ్ళు. గుంటూరులో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తాను. నెలసరి బాగా ఎక్కువ. రక్తం (హిమోగ్లోబిన్) 8.4 ఉందని ఐరన్ మాత్రలిచ్చారు, కడుపులో తిప్పి మానేశాను. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలిందే నా వంతు. కూలి డబ్బులు మా ఆయనే తీసుకుంటారు. స్కానింగ్‌కు అడిగితే నాలుగు రోజుల కిందట గొంతు పట్టుకున్నారు. గొంతు బొంగురుపోయింది, మింగితే నొప్పి. ఆసుపత్రిలో మెట్ల మీద పడ్డానని చెప్పాను. కేసు పెడితే ఆయన్ని జైల్లో వేస్తారేమోనని భయం.
- ఒక సోదరి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు గొంతు సంగతి చూడాలి. నులిమినప్పుడు పైకి మచ్చ లేకపోయినా లోపల స్వరపేటిక వాచొచ్చు, మెడ రక్తనాళం లోపొర చిరగొచ్చు. చిరిగిన చోట గడ్డకట్టిన రక్తం కొన్ని రోజుల తర్వాత కూడా మెదడుకు చేరి పక్షవాతం తేవచ్చు. అందుకని ఇవాళే జీజీహెచ్ (గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి) క్యాజువాలిటీకి వెళ్ళండి. ఊపిరాడకపోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో చచ్చుబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

డాక్టరుతో ఎవరు నులిమారో, ఏ రోజో విడమరిచి చెప్పండి. మొన్న భయపడి, మెట్ల మీద పడ్డానని చెప్పిన సంగతీ రాయించండి. లేకపోతే రేపు కోర్టులో ఆ పాత చీటీయే మీకు అడ్డం తిరుగుతుంది. పోలీసులకు కబురు వెళ్తుంది, వాళ్ళు వచ్చి అడుగుతారు. అప్పుడు మాట మార్చకండి. ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన దెబ్బల కేసుగా ఆసుపత్రి రాసుకునే నమోదు) నంబరు రాసుకుని, ఓపీ చీటీ నమ్మకమైన వాళ్ళ దగ్గర దాచండి. గొంతు మీదికి వచ్చిన చెయ్యిని చెంపదెబ్బతో కలిపి చూడొద్దు. ఆడవాళ్ళ ప్రాణం పోయే ముందు కనిపించే గుర్తుల్లో ఇదొకటి.

జైలు భయం గురించి: 2005 గృహహింస చట్టం కింద కొట్టకూడదని, ఇంట్లోంచి గెంటకూడదని, ఖర్చులకు డబ్బివ్వాలని మేజిస్ట్రేటు ఉత్తర్వులిస్తారు. రక్షణ ఉత్తర్వును మీరితేనే ఆ చట్టం కింద ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా. మీ కూలి లాక్కోవడమూ ఆ చట్టం లెక్కలో హింసే. ఆ ఇంట్లో ఉంటూనే అర్జీ పెట్టుకోవచ్చు. 181కి ఫోన్ చేస్తే హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే వన్‌స్టాప్ సెంటర్‌కు కలుపుతారు, కొద్ది రోజులు తలదాచుకునే వీలూ ఉంటుంది. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరునిస్తారు, దానికి 15100కి ఫోన్ చేయండి.

ఇక రక్తం. గర్భం లేని ఆడవాళ్ళకు 12 కంటే తగ్గితే రక్తహీనతే. మాత్ర పరగడుపున తిప్పితే అన్నం తిన్నాక వేసుకోండి. టీకి గంట ఎడం, కాల్షియం మాత్రకు రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసమో జామకాయో తోడైతే ఇనుము బాగా పడుతుంది. విరేచనం నల్లగా వస్తుంది, కంగారు వద్దు. 12 దాటాక ఇంకో మూడు నెలలు వాడాలి. చాలామంది అక్కడే ఆపేసి మళ్ళీ మొదటికి వస్తారు. గంటకో ప్యాడ్ తడిసినా, ఏడు రోజులు దాటినా స్కానింగ్ తప్పదు. అది ప్రభుత్వాసుపత్రిలో అడగండి. అన్నం వడ్డించేటప్పుడే మీ కంచంలో పప్పు, గుడ్డు తీసి పక్కన పెట్టుకోండి. మిగిలితే తిందామనుకుంటే మిగిలేది చారే.

ప్రశ్న: ఇద్దరు పిల్లలు. మా ఆవిడ రక్తం తక్కువ మనిషి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ నేను చేయించుకుంటానంటే, మగాడు నీరసపడిపోతాడని మా అమ్మ అంటోంది. నిజమేనా?
- విజయవాడ

జవాబు: కాదు బాబూ. వేసక్టమీలో, అంటే మగవాళ్ళ ఆపరేషన్‌లో, వీర్యకణాలు వచ్చే సన్నటి గొట్టాలను మాత్రమే కోసి కట్టేస్తారు. హార్మోన్లు, కోరిక, కండబలం అలాగే ఉంటాయి. మత్తు అక్కడి వరకే, కుట్లు ఉండవు. ఆడవాళ్ళకైతే పొట్ట కోయాలి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో పెళ్ళయిన జంటల్లో ఆడవాళ్ళ ఆపరేషన్ 37.9 శాతం, మగవాళ్ళది 0.3 శాతం. రెండు రోజులు విశ్రాంతి, వారం పాటు బరువులెత్తొద్దు. మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాకే మానేయండి.