పెరట్లోకి వచ్చే పిట్టలకు తీపి పెట్టవచ్చా?

మిగిలిన కేకు, బిస్కెట్ పొడి, పంచదార నీళ్లు పెడితే పిట్టలు ఎగబడి తింటున్నాయి, వాటికి మంచిదేనా అని అడిగారు. కేకు, బిస్కెట్లు మానేయండి. పంచదార నీళ్ల సంగతి మీ పెరట్లోకి వచ్చేది ఏ పిట్టో దాన్నిబట్టి ఉంటుంది.

పిచ్చుకలు, పావురాలు ఎగబడేది తీపి కోసం కాదు, తేలిగ్గా దొరుకుతోంది కాబట్టి. ఆ ముక్కలతో పొట్ట నిండిపోతుంది గానీ కావలసిన మాంసకృత్తులు అందవు. పిల్లల్ని పెంచే కాలంలో ఈ నష్టం మరీ ఎక్కువ. గింజలు తిని బతికే పిచ్చుక కూడా పిల్లల నోట్లో పెట్టేది ఎక్కువగా పురుగులనే. తేనె తాగే పిట్టలూ పిల్లలకు సాలీళ్లు, చిన్న పురుగులే తెచ్చిపెడతాయి. కేకులో చాక్లెట్ ఉంటే అందులోని థియోబ్రోమిన్ నేరుగా విషమే.

స్టార్లింగ్‌ అనే పిట్టలది ఇంకో ఇబ్బంది. పంచదార అంటే సుక్రోజ్. దాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొట్టే సుక్రేజ్ ఎంజైమ్ వీటి పేగుల్లో లేదు. అరగని పంచదార పేగుల్లోకి నీటిని లాగుతుంది, రెట్ట నీళ్లలా పడుతుంది. గోరువంకలూ ఆ కుటుంబానివే. మరి పండ్లు తింటాయి కదా అంటారేమో. వీటికి నచ్చే పండ్లలో ఎక్కువగా ఉండేది విడిగా ఉన్న గ్లూకోజ్, ఫ్రక్టోజే. అందుకే అరుగుతాయి.

పంచదార నీళ్లు పనికొచ్చేది హమ్మింగ్‌బర్డ్, తేనెపిట్ట లాంటి వాటికి. ఒక కప్పు తెల్ల పంచదారకు నాలుగు కప్పుల నీళ్లు. వేడినీళ్లలో కరిగించి, పూర్తిగా చల్లారాక పోయాలి. బెల్లం, బ్రౌన్ షుగర్ వద్దు, వాటిలోని ఇనుము ఈ పిట్టల ఒంట్లో పేరుకుపోతుంది. తేనె సహజం కదా అని చాలామంది కలుపుతారు. నీళ్లు కలిపిన తేనెలో సూక్ష్మజీవులు ఇట్టే పెరుగుతాయి. షుగర్-ఫ్రీ పొడి ఇంకా దారుణం: పిట్ట కడుపునిండా తాగుతుంది, శక్తి మాత్రం సున్నా. రంగు కలపనక్కర్లేదు, ఫీడర్‌కు (పిట్టలు తాగేందుకు ఈ నీళ్లు పోసి వేలాడదీసే పాత్రకు) ఎర్రటి భాగం ఉంటే చాలు.

కొలత ఎవరైనా సరిగ్గానే కలుపుతారు. తేడా వచ్చేది కడగడం దగ్గర. ఫీడర్ నీడలో వేలాడదీసి సగమే నింపండి. 30 డిగ్రీలు దాటితే రోజూ, చల్లగా ఉంటే రెండు మూడు రోజులకోసారి పారబోసి కొత్తది పోయాలి. నీళ్లు మసకబారినా, బుడగలు లేచినా పులిసినట్టే. నల్లటి బూజు ముందుగా కనిపించేది పిట్ట ముక్కు పెట్టే రంధ్రం లోపలి అంచున. బయట తుడిస్తే అది పోదు, సన్నటి బ్రష్ దూర్చి రుద్దాలి. బూజు పట్టిందంటే ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నానబెట్టి, వాసన పోయేదాకా కడిగి, ఆరబెట్టాకే నింపాలి. ఇంత ఓపిక లేకపోతే ఫీడర్ పెట్టకపోవడమే మేలు. పూలమొక్క నాటితే ఈ చాకిరీ ఉండదు.

వెడల్పు పళ్లెంలో మాత్రం పోయకండి, చిన్న పిట్టల ఈకలు జిగురై అతుక్కుపోతాయి. చీమలు పడుతుంటే తీగకు నూనె, గ్రీజు రాయకూడదు, అదీ ఈకలకు అంటుతుంది. ఫీడర్ పైన నీళ్లు నిలిచే చిన్న గిన్నె తగిలిస్తే చీమలు దాటలేవు.

మిగతా పిట్టలకు తీపే పెట్టాలనిపిస్తే పండు పెట్టండి. కోసిన నారింజ, అరటి ముక్క, గింజలు తీసిన ఆపిల్. అవకాడో వద్దు, విషం. కిస్మిస్‌లు నానబెట్టి పెట్టవచ్చు, ఇంట్లో కుక్క ఉంటే మాత్రం అవి దానికి ప్రమాదం. మిగిలింది సాయంత్రానికి తీసేయాలి.

ఏ పిట్టయినా ఒళ్లు ఉబ్బించుకుని, మనిషి దగ్గరికెళ్లినా కదలకుండా కూర్చుంటే జబ్బు చేసినట్టు. ఫీడర్లు, నీళ్ల గిన్నెలు అన్నీ దించి, కడిగి, కనీసం రెండు వారాలు పెట్టకండి. లేకపోతే అక్కడికొచ్చే మిగతావాటికీ అంటుకుంటుంది.