హారోలో చూడ్డానికేముంది? మా నాన్నను తిప్పిన అనుభవంతో నా జవాబు

"లండన్ శివారు హారోలో ఇల్లు తీసుకున్నాం, జూన్‌లో అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారు, మూడు నెలలుంటారు. నెహ్రూ చదివిన బడి తప్ప ఇక్కడ చెప్పుకోదగ్గ చరిత్ర ఉందా, లేక రోజూ సెంట్రల్ లండన్‌కి తిప్పాల్సిందేనా?" అని అడిగారు. ఏడేళ్ళ కిందట ఇదే ప్రశ్న నేను మా ఆఫీసులో ఒకాయన్ని అడిగాను. "అది పడుకోడానికి ఊరు, చూడ్డానికి కాదు" అన్నాడాయన. నేనూ అలాగే అనుకున్నాను, మా నాన్న వచ్చేదాకా.

నేనుండేది హారోలోని వీల్డ్‌స్టోన్‌లో. నాన్న విజయవాడ డివిజన్‌లో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యారు. బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు నిలబెడితే "గేటు బాగుంది" అన్నారు, అంతే. మూడో రోజు పొద్దున్నే వాకింగ్‌కని వెళ్ళిన మనిషి గంటన్నరైనా రాలేదు. ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళ్ళారు. టెన్షన్‌తో వెతుక్కుంటూ వెళ్తే హారో అండ్ వీల్డ్‌స్టోన్ స్టేషన్ బయట, గుమ్మం పైనున్న పలక కేసి తలెత్తి చూస్తూ కనబడ్డారు. "ఇక్కడ 112 మంది పోయార్రా. రోజూ ఈ గుమ్మంలోంచే వెళ్తావు కదా, ఎప్పుడూ చెప్పలేదే?" అన్నారు. నేనసలు ఆ పలక చూడనే లేదు. రోజూ రైలు కోసం పరిగెత్తేవాడు తలెందుకెత్తుతాడు?

1952 అక్టోబరు 8, పొద్దున 8:19. ట్రింగ్ నుంచి లండన్‌లోని యూస్టన్ స్టేషన్‌కి వెళ్ళే లోకల్ నాలుగో ప్లాట్‌ఫాం మీద ఆగి ఉంది. ఆఫీసులకెళ్ళే జనంతో కిక్కిరిసి ఉంది. స్కాట్లాండ్‌లోని పెర్త్ నుంచి రాత్రంతా నడిచి, ఆలస్యంగా వస్తున్న ఎక్స్‌ప్రెస్ నెమ్మదించమనే ఒక కాషన్ సిగ్నల్నీ, ఆగమనే రెండు డేంజర్ సిగ్నళ్ళనీ దాటుకొచ్చి లోకల్‌ను వెనకనుంచి గుద్దేసింది. పెట్టెలు పక్క లైను మీద పడ్డాయో లేదో, యూస్టన్ నుంచి లివర్‌పూల్ వైపు రెండు ఇంజన్లతో వస్తున్న ఇంకో ఎక్స్‌ప్రెస్ వాటిలోకి దూసుకొచ్చింది. 112 మంది పోయారు, 340 మంది గాయపడ్డారు. యుద్ధం లేని రోజుల్లో బ్రిటన్‌లో ఇంత పెద్ద రైలు ప్రమాదం ఇంకోటి జరగలేదు. పోయినవాళ్ళలో 64 మంది రైల్వే ఉద్యోగులే, డ్యూటీకి వెళ్తున్నవాళ్ళు. ఈ మాట చెప్పినప్పుడు నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత మొదలుపెట్టారు ప్రశ్నలు. ముందుగా హెచ్చరించే డిస్టెంట్ సిగ్నల్ ఎంత దూరంలో ఉండేది? ఆ రోజు పొగమంచు ఉందా? డ్రైవర్ ఏమన్నాడు? పెర్త్ బండి డ్రైవరూ, ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మనూ ఇద్దరూ చనిపోయారు కాబట్టి సిగ్నళ్ళు ఎందుకు దాటారన్నది ఎప్పటికీ తేలలేదు. కానీ దీని తర్వాతే దేశమంతా డ్రైవర్ని హెచ్చరించే యంత్రం పెట్టే పని వేగం అందుకుంది. సిగ్నల్ పచ్చగా ఉంటే ఇంజన్‌లో గంట మోగుతుంది. లేదంటే హారన్ మోగుతుంది, అది విన్నట్టు డ్రైవర్ మీట నొక్కకపోతే బ్రేకులు వాటంతటవే పడిపోతాయి. "మన కవచ్‌కి ముత్తాత అన్నమాట" అన్నారు నాన్న. రైళ్ళు గుద్దుకోకుండా ఆపే ఆ కవచ్‌ను మొదట్లో పరీక్షించింది మన లింగంపల్లి, వికారాబాద్ వైపే కదా, ఆ ముక్క ఆయనకు గర్వం.

ఇంకొక్క సంగతి. ఆ రోజు దగ్గర్లోని అమెరికన్ వైమానిక దళం వైద్య బృందం పరిగెత్తుకొచ్చింది. అందులో అబీ స్వీట్‌వైన్ అనే నల్లజాతి నర్సు, చికిత్స అందినవాళ్ళను గుర్తుపట్టడానికి తన లిప్‌స్టిక్‌తో వాళ్ళ మీద గుర్తులు పెట్టింది. మా అమ్మకు రైళ్ళ గొడవ పట్టలేదు గానీ ఈ లిప్‌స్టిక్ కథ మాత్రం ఊళ్ళో అందరికీ చెప్పింది.

ఇక హారో కొండ సంగతి. ముందే చెబుతున్నా, హారో ఆన్ ద హిల్ స్టేషన్ కొండ మీద లేదు, కింద షాపింగ్ సెంటర్ పక్కనుంది. నార్త్, సౌత్, వెస్ట్ హారోలు వేరే ఉన్నాయి. మొదటిసారి అమ్మానాన్నలను ఒంటరిగా పంపితే అక్కడ దిగి "కొండేదిరా?" అని ఫోన్ చేశారు. నడవలేకపోతే 258 నంబరు బస్సు ఎక్కించండి, అది కొండెక్కుతుంది. ఎత్తు 124 మీటర్లే గానీ రోడ్డు మాత్రం నిటారుగా ఉంటుంది.

హారో అనే పేరుకే గుడి అని అర్థం. 767 నాటి ఒక పత్రంలో ఈ చోటుని 'గుమెనింగ హెర్గె' అన్నారు, అంటే గుమెనింగ అనే తెగవాళ్ళ గుడి. క్రైస్తవానికి ముందు ఇక్కడివాళ్ళు కొలుచుకున్న దేవుళ్ళ చోటు. ఆ గుడి కొండ మీద, ఇప్పుడు సెయింట్ మేరీ చర్చి ఉన్నచోటే ఉండేదని చాలామంది నమ్మకం. ఆ చర్చిని 1094లో ఆర్చిబిషప్ ఆన్సెల్మ్ ప్రతిష్ఠించాడు. ఇదంతా చెబితే మా అమ్మ "అయితే ఇది వీళ్ళ కోటప్పకొండ" అని తేల్చేసి, చర్చి ముందు చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంది. 2021 జనాభా లెక్కల ప్రకారం హారోలో నూటికి దాదాపు 26 మంది హిందువులు, ఇంగ్లండ్, వేల్స్ మొత్తంలో ఇదే ఎక్కువ. కొండకు ఆ పాత పేరు, కింద ఈ జనం! ఎవరో కావాలని కుదిర్చినట్టుంటుంది.

చర్చి ఆవరణలో ఒక సమాధి ఉంది. కవి బైరన్ కుర్రాడిగా ఇక్కడి బడిలో చదువుతున్నప్పుడు దాని మీద కూర్చుని గంటలు గంటలు దూరంగా చూస్తూ గడిపేవాడట. ఇప్పుడు దాని చుట్టూ ఇనప చువ్వలున్నాయి. అయితే నన్ను పట్టుకున్నది అది కాదు. చర్చి గుమ్మం దగ్గర చిన్న పలక ఒకటుంది. బైరన్ కూతురు అలెగ్రా అయిదేళ్ళ వయసులో, 1822లో ఇటలీలో జ్వరంతో పోయింది. పెళ్ళి కాకుండా పుట్టిన పిల్ల కాబట్టి, లోపల పేరు చెక్కడానికి ఇక్కడి పెద్దలు ఒప్పుకోలేదు. గుమ్మం దగ్గర ఏ గుర్తూ లేకుండా పూడ్చారు. ఆ పలక పెట్టింది 1980లో, 158 ఏళ్ళ తర్వాత.

దిగేటప్పుడు గ్రోవ్ హిల్ మీదుగా రండి. 1899 ఫిబ్రవరి 25న ఈ వాలులో ఒక డైమ్లర్ కారు చక్రం విరిగి, అందులోవాళ్ళు ఎగిరి రోడ్డు మీద పడ్డారు. డ్రైవర్ ఎడ్విన్ సూయెల్ అక్కడికక్కడే పోయాడు, కారు కొందామని చూడ్డానికొచ్చిన మేజర్ రిషర్ కొద్దిరోజులకు పోయాడు. బ్రిటన్‌లో మోటారు ప్రమాదంలో డ్రైవర్ చనిపోయిన తొలి ఘటనల్లో అదొకటి, అక్కడి పలకైతే అదే మొదటిదంటుంది. కారు గుద్ది మనిషి పోవడం అంతకు ముందే, 1896లో క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర జరిగింది, రెంటినీ కలిపేసి చెప్పేవాళ్ళుంటారు. 1969లో పెట్టిన ఆ పలక మీద 'జాగ్రత్త' అన్న అర్థంలో ఒక మాట ఉంటుంది. నాకు డ్రైవింగ్ నేర్పినాయన మొదటి పాఠం అక్కడికి తీసుకెళ్ళి చెప్పాడు. ఆ తర్వాత రెండుసార్లు టెస్టు ఫెయిలయ్యాను, అది వేరే సంగతి.

హారో స్కూలు గురించి నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. బయటనుంచి చూసి, గడ్డి టోపీ పెట్టుకున్న పిల్లలు కనబడితే నవ్వుకుని వచ్చేయండి. 1572లో జాన్ లయన్ అనే రైతుకు ఎలిజబెత్ రాణి ఇచ్చిన పట్టాతో మొదలైన బడి. నెహ్రూ 1905 నుంచి 1907 దాకా చదివారు, చర్చిల్ అంతకు ముందు. ఇవి అందరికీ తెలిసినవే. నాకు నచ్చేవి వేరే రెండున్నాయి. ఆ లయన్ కొంత భూమిని, హారో నుంచీ ఎడ్జ్‌వేర్ నుంచీ లండన్ వెళ్ళే రోడ్ల మరమ్మత్తుకని రాసిపెట్టాడు. ఆ పొలాలు తర్వాత లండన్‌లో ఖరీదైన ఇళ్ళ స్థలాలయ్యాయి. ఆ డబ్బు ఇప్పుడు పిల్లలకోసం పనిచేసే దాతృత్వ సంస్థగా నడుస్తోంది. రెండోది, సంస్కృతానికీ గ్రీకు, లాటిన్‌లకూ చుట్టరికం ఉందని 1786లో కలకత్తాలో చెప్పిన విలియం జోన్స్ ఈ బడి పిల్లాడే. ముప్పై ఏళ్ళ తర్వాత, 1816లో, మద్రాసులో ఎల్లిస్ దొర తెలుగు సంస్కృతంలోంచి పుట్టింది కాదు, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబం అని చూపించాడు. అది అచ్చయింది క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం ముందుమాటలో. మీ నాన్నగారు తెలుగు మాస్టారైతే గనక ఈ ముక్క ఆ బడి ముందు నిలబెట్టి చెప్పండి, నెహ్రూ కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

మీ ఇల్లు ఎటువైపో చెప్పలేదు. ముందు గదికి గుండ్రంగా బయటికి పొడుచుకొచ్చిన కిటికీ, పక్కింటితో ఒక గోడ ఉమ్మడి, వెనక పొడుగాటి పెరడు ఉంటే అది చాలావరకు 1920లు, 30ల నాటిదే. మెట్రొపాలిటన్ రైల్వే అనే కంపెనీ లైన్ వేసి, చుట్టుపక్కల భూముల్లో ఇళ్ళు కట్టించి, 1915 నుంచి ఈ ప్రాంతానికి 'మెట్రోలాండ్' అని పేరు పెట్టి అమ్ముకుంది. మన దగ్గర వెంచర్ వేసేవాళ్ళు హైవే పక్కన ఆర్చి కట్టినట్టే. రేనర్స్ లేన్ స్టేషన్‌ను అప్పట్లో 'న్యుమోనియా జంక్షన్' అని వెక్కిరించేవారు, చుట్టూ పొలాలు, వణికించే గాలి. 1930లో ఏడాదికి 22 వేల మంది ఎక్కిదిగిన ఆ స్టేషన్‌లో 1937 నాటికి 40 లక్షల మంది. ఇప్పటికీ మా వీధిలో పెద్దవాళ్ళు అడ్రసులో లండన్ అని రాయరు, పాత కౌంటీ పేరు మిడిల్‌సెక్స్ అనే రాస్తారు. 1965లో లండన్‌లో కలిపినప్పుడు పాత మునిసిపాలిటీ హద్దుల్ని అలాగే ఉంచేసిన బరో (లండన్‌లో స్థానిక పాలన విభాగం) హారో ఒక్కటే, ఆ పట్టుదల ఇంకా పోలేదు.

రేనర్స్ లేన్‌లోనే ఇంకోటి చూడాలి. 1936లో కట్టిన పాత సినిమా హాలు. ముందువైపు కాంక్రీటు స్తంభం ఏనుగు తొండంలా వంపు తిరిగి ఉంటుంది. ఇప్పుడది పార్సీల కేంద్రం, లోపల ప్రార్థన మందిరం ఉంది. ఆ సంస్థను 1861లో మొదలుపెట్టినవాళ్ళలో దాదాభాయి నౌరోజీ ఒకరు. సినిమా హాలు కల్యాణమండపం అవడం చూశాం గానీ గుడి అవడం నేను ఇక్కడే చూశాను.

మా పక్కింటి గుజరాతీ పెద్దాయన 1972లో ఉగాండా నుంచి ఒక సూట్‌కేసుతో వచ్చి, ఇక్కడి కోడాక్ ఫ్యాక్టరీలో చేరారు. 1891లో మొదలై 2016లో మూతపడ్డ ఫ్యాక్టరీ అది. ఫిల్మ్‌కి పూత వేసే గదుల్లో వెలుతురు ఉండకూడదు. "చీకట్లోనే నడక, చీకట్లోనే మాట. మనిషిని అడుగుల చప్పుడుతో గుర్తుపట్టేవాళ్ళం" అంటారాయన. ఇప్పటికీ వాళ్ళింట్లో కరెంటు పోతే కంగారు పడని మనిషి ఆయనొక్కరే. మా నాన్నతో ఆయనకు భాష కలవలేదు, ఇద్దరిదీ రైల్వే హిందీ, ఫ్యాక్టరీ హిందీ. రోజూ రెండు గంటలు మాట్లాడుకునేవారు.

హారోలోనే ఉన్న పిన్నర్ తిరునాళ్ళు దొరికితే వదలకండి. 1336లో మూడో ఎడ్వర్డ్ రాజు ఇచ్చిన అనుమతితో మొదలైంది. మే చివరి సోమవారం వచ్చే బ్యాంక్ హాలిడే (ప్రభుత్వ సెలవు) తర్వాత బుధవారం జరుగుతుంది. ఊరి నడివీధిలోనే రంగులరాట్నాలు పెడతారు. మీవాళ్ళు జూన్‌లో వస్తే దాటిపోవచ్చు, టికెట్ ఇంకా తీసుకోకపోతే వారం ముందుకు జరపండి. పిన్నర్ చర్చి ఆవరణలో పిరమిడ్ లాంటి సమాధి నడిమి నుంచి రాతి శవపేటిక రెండువైపులా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. శవాలు నేలమీద ఉన్నంతకాలమే ఆస్తి దక్కుతుందని ఎవరో షరతు పెట్టారనే కథ ఉంది, నిజానికి వాళ్ళు భూమిలోపలే ఉన్నారు. పిల్లలుంటే హెడ్‌స్టోన్ మేనర్‌కి తీసుకెళ్ళండి. 1310 నాటి ఇల్లు, చుట్టూ నీళ్ళున్న కందకం, లోపలికి డబ్బులక్కర్లేదు. స్టాన్‌మోర్‌లోని బెంట్లీ ప్రయరీ, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ యుద్ధ విమానాల్ని నడిపించిన చోటు, ఇప్పుడు మ్యూజియం. నేను ఇంకా వెళ్ళలేదు, నాన్న వచ్చే ఏడాదికని ఆపి ఉంచారు.

మొదటి రోజు మాత్రం స్టేషన్‌కే తీసుకెళ్ళండి. గుమ్మంలోంచి లోపలికెళ్ళాక మెట్ల మీదనుంచి నాలుగో ప్లాట్‌ఫాం కనబడుతుంది. జూన్ అయినా పొద్దున పూట చలిగాలి కొడుతుంది, అమ్మగారికి స్వెట్టర్ చేతిలో ఉంచుకోండి.