పారాచూట్ లేకుండా 18,000 అడుగుల నుంచి పడి ఒక సైనికుడు బతికాడంటారు, నిజమేనా?

నిజమే. అతని పేరు నికోలస్ ఆల్కమేడ్, బ్రిటన్ వైమానిక దళంలో లాంకాస్టర్ బాంబర్ తోక దగ్గర కూర్చునే గన్నర్. 1944 మార్చి 24 రాత్రి బెర్లిన్ మీద దాడి చేసి తిరిగొస్తుంటే జర్మన్ యుద్ధ విమానం కాల్పులకు విమానం అంటుకుంది. గన్నర్ గది మరీ ఇరుకు కావడంతో పారాచూట్‌ను వెనకాల విడిగా పెట్టేవారు. తలుపు తీసి చూస్తే అదీ మంటల్లోనే ఉంది. కాలి చావడం కన్నా నయమని దూకేశాడు.

కింద పైన్ చెట్ల కొమ్మలు, వాటి కింద మెత్తటి మంచు. మెలకువ వచ్చాక చూసుకుంటే కాలు బెణికింది, అక్కడక్కడా గాయాలు, అంతే!

ఇక్కడ చాలామంది పొరబడేది ఎత్తు విషయంలో. సుమారు 500 మీటర్లు పడేసరికే గాలి నిరోధం వల్ల వేగం గంటకు 200 కి.మీ. దగ్గర ఆగిపోతుంది. ఆపైన ఎంత ఎత్తయినా పెద్ద తేడా ఉండదు. ఒక్కసారిగా ఆగామా, కొద్ది దూరంలో మెల్లగా ఆగామా అన్నదే ముఖ్యం. ఆ పని కొమ్మలు, మంచు చేశాయి.

పట్టుకున్న జర్మన్లు మొదట గూఢచారి అనుకున్నారు. విమాన శకలాల్లో కాలిన పారాచూట్ దొరికాకే నమ్మారు.