ఫాస్ట్‌ఫుడ్ ఫ్రాంచైజీ ఔట్‌లెట్‌లో ఓనరుకి నిజంగా మిగిలేదెంత?

"పెద్ద బ్రాండ్, రష్ ఎప్పుడూ ఉంటుంది, మరి మంచి లాభమే కదా?" అని అడిగారు. రష్ చూసి లెక్క వేయకండి. కంపెనీకి రాయల్టీ (బ్రాండ్ పేరు వాడుకున్నందుకు మీరు కట్టే వాటా) వచ్చేది అమ్మకం మీద. మీకు వచ్చేది ఖర్చులన్నీ పోగా మిగిలిన దాంట్లోంచి. ఈ తేడానే అసలు గొడవ.

అమ్మకం 100 అనుకుందాం. ఓ మోస్తరుగా నడిచే షాపులో సరుకూ ప్యాకింగూ 30, జీతాలు 28, అద్దె 9, రాయల్టీ 5, ప్రకటనల ఫండు 4, కరెంటూ గ్యాసూ 4. రిపేర్లు, ఇన్సూరెన్స్, కార్డు చార్జీలు, చిల్లర మల్లర ఖర్చులు కలిపి ఇంకో 10. మిగిలింది 10. లోన్ వాయిదా, ట్యాక్సు ఇందులోంచే కట్టాలి. మీరే రోజంతా కౌంటర్లో నిలబడితే, మేనేజరుకి ఇవ్వాల్సిన జీతం ఇందులోంచి తీసేసి చూడండి. చాలామంది తమ కూలినే లాభం అనుకుంటారు.

అమ్మకం 90కి పడితే? సరుకులో 3, రాయల్టీ, ఫండు రెండూ కలిపి 0.9 తగ్గుతాయి. మిగతావి దాదాపు కదలవు. 10 కాస్తా 3.9 అవుతుంది.

ఆఫర్ల సంగతి ఇంకా ఘోరం. 100కి అమ్మే ఐటం మీద సరుకు 30, కంపెనీకి (రాయల్టీ, ఫండు కలిపి) 9 పోతే 61 మిగులుతుంది. అదే 70కి అమ్మితే సరుకు 30 అలాగే ఉంటుంది, కంపెనీకి 6.3, మీకు 33.7. పాత 61 రావాలంటే దాదాపు రెట్టింపు అమ్మాలి. అందుకే ఆఫర్లో చేరడం తప్పనిసరా అన్నది అగ్రిమెంట్లో ముందే చూసుకోండి. డెలివరీ యాప్‌ల కమీషన్ 15 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. ఆ ఆర్డర్లకి లెక్క విడిగా వేయాలి.

ఎంట్రీ ఫీజు తక్కువని మురిసిపోవద్దు. అమెరికాలో చిక్-ఫిల్-ఏ అనే చికెన్ శాండ్‌విచ్‌ల చైన్ 10,000 డాలర్లే తీసుకుంటుంది. కానీ అమ్మకంలో 15 శాతం, లాభంలో సగం దానివే, షాపు కూడా మీది కాదు. సబ్‌వే రాయల్టీ 8 శాతం. మెక్‌డొనాల్డ్స్ అక్కడ కొత్త ఫ్రాంచైజీలకి రాయల్టీని 2024లో 4 నుంచి 5 శాతానికి పెంచింది. చాలాచోట్ల అద్దె కూడా దానికే కట్టాలి.

మీ చేతిలో ఉన్నది వంటగదే. బిల్లుల ప్రకారం పోవాల్సిన సరుకెంత, నిజంగా పోయిందెంత అని వారం వారం సరిచూడండి. కప్పులో ఫ్రైస్ నాలుగు ఎక్కువ పడటం, చీజ్ స్లైసులు రెండేసి వేయడం, వడకట్టక నూనె త్వరగా పాడవడం, ఇవన్నీ కలిసి 2 శాతం తినేస్తే మీ లాభంలో అయిదో వంతు పోయినట్టే.

సంతకానికి ముందు ఇంకో రెండు. కొన్నేళ్లకోసారి షాపు మొత్తం కొత్త డిజైన్లోకి మార్చమంటారు, దానికి నెలనెలా కొంత పక్కన పెట్టాలి. అద్దె అగ్రిమెంటు ఫ్రాంచైజీ కంటే ముందే ముగిసిపోకుండా చూసుకోండి. మధ్యలో బిల్డింగ్ ఓనరు అద్దె పెంచితే కట్టలేరు, ఖాళీ చేస్తే పెట్టిన ఇంటీరియరంతా గోడలకే ఉండిపోతుంది.