సిలువా? శిలువా?

సందేహం: మా చర్చి ఈస్టర్ కరపత్రంలో నేను ‘శిలువ’ అని రాస్తే పాస్టరు గారు ‘సిలువ’ అని దిద్దారు. పూర్వం సిలువలు రాతితో చెక్కేవారు కాబట్టి ‘శిల’ నుంచే ఆ మాట వచ్చిందని మా బాబాయి వాదన. ఏది సరైనది?

సమాధానం: పాస్టరు గారి దిద్దుబాటే సరైనది. తెలుగు బైబిల్లో ఉన్నదీ ‘సిలువే’. పేపర్లలో ‘శిలువ’ తరచూ కనిపిస్తుంది. ‘సి’ని ‘శి’గా పలికే అలవాటు కొంత, సంస్కృతపదంలా ఉంటే బాగుంటుందన్న మోజు కొంత దానికి కారణం.

ఈ మాట సంస్కృతమూ కాదు, అచ్చ తెలుగూ కాదు. తూర్పు క్రైస్తవుల ఆరాధన భాష సిరియాక్‌లో దీన్ని ‘స్లీవా’ అంటారు. హైదరాబాదులో ఉర్దూ తెలిసినవారిని అడిగితే ‘సలీబ్’ అంటారు, అదీ దీని చుట్టమే. కేరళ సిరియన్ క్రైస్తవులు ఇప్పటికీ ‘స్లీవా’ అనే అంటారు. తమిళంలో మొదటి జంటాక్షరం విడిపోయి ‘సిలువై’ అయింది. వాళ్లు ‘తలై’ అన్నచోట మనం ‘తల’ అంటాం కదా, అలాగే మనకు ‘సిలువ’. ఈ దారిలో ఎక్కడా ‘శ’ లేదు.

ఇక బాబాయి గారి రాయి సంగతి. చెన్నైలో పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) కొండ మీది చర్చిలో పాత రాతి సిలువ ఒకటి ఉంది. 1547లో పోర్చుగీసువారి తవ్వకంలో బయటపడింది. దాని మీద యేసు బొమ్మ ఉండదు, చుట్టూ పహ్లవి అక్షరాలు ఉంటాయి. పహ్లవి పర్షియా వాళ్లది. అక్కడి క్రైస్తవులు ప్రార్థన చేసుకున్నది సిరియాక్‌లో. అంటే శిల ఉన్నచోట కూడా మాట ‘స్లీవా’యే!

పైగా తొలి క్రైస్తవుల బొమ్మల్లో సిలువే అరుదు. రోములోని భూగర్భ సమాధుల గోడల మీద చేప, లంగరు, గొర్రెను భుజాన వేసుకున్న కాపరి ఎక్కువ. యేసును సిలువ వేసిన దృశ్యం తొలిసారిగా చూపిన బొమ్మల్లో ఒకటి అక్కడి సాంతా సబీనా చర్చిలో ఉంది, సుమారు 430 నాటిది. అదీ రాతి మీద కాదు, కొయ్య తలుపు మీద.

మాట పరాయిదైనా దాని పక్కన చేరిన క్రియ మాత్రం మనదే. కొరత వేశారు, ఉరి వేశారు అన్నట్టే సిలువ వేశారు అంటాం. కరపత్రంలో ‘సిలువకు గురిచేశారు’ అని ఎక్కడైనా ఉంటే, పనిలో పనిగా అదీ దిద్దించండి.